బడి వద్దన్నది మేము కాదని మనవి

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి పేరిట జారీ అయిన చదువు వోచరు – ఏ బడివారూ చేర్చుకొనకపోవుట – తగు ఉత్తర్వులు కోరుట – గురించి.

వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న దర్జీని. నాకు కొలతల అంకెలు తప్ప అక్షరాలు రావు. నేను చెబుతుండగా పన్నెండేళ్ల మా అమ్మాయి ఈ అర్జీ రాస్తున్నది. మనవి చేసుకొను అంశములు:

1. రెండేళ్ల క్రితం వోచర్ల సభలో "మీ బిడ్డకు బడి మీరే ఎంచుకోండి, ఫీజు సర్కారు కడుతుంది" అనగా, మొదట చప్పట్లు కొట్టినవాడిని నేనే. మైకు అందుకుని "ఒక కొట్లో బట్ట నచ్చకపోతే ఇంకో కొట్టుకు పోమా?" అని కూడా అడిగాను. జనం నవ్వారు. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించినదీ నేనే. మా వీధి బడి పంతులమ్మగారు ఒక్కరే, "అందరూ పోయాక మిగిలినవాళ్ల సంగతేంటన్నా?" అన్నారు. ఉద్యోగం పోతుందని ఆమె భయమని నలుగురిలో ఎగతాళి చేశాను.

2. ఏడాది తిరిగేసరికి ఆ బడిలో తొమ్మిదిమంది మిగిలారు. తొమ్మిదిమందికి బడి నడపలేమని తాళం వేశారు. ఆ తొమ్మిదిమందిలో మా అమ్మాయి ఒకతె. తనకు నత్తి. ఒక్క జవాబు కోసం పంతులమ్మగారు ఎంతసేపైనా ఆగేవారు కనుక, వేరే బడికి పోదామంటే ఒప్పుకోలేదు.

3. అటుపిమ్మట వోచరు పట్టుకుని ఆరు బళ్లు తిరిగాము. ఆరింటిలోనూ ఇంటర్వ్యూ ఉంది. రాతపరీక్షలో తన మార్కులు ఎవరూ చూడలేదు. పేరు చెప్పమంటారు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు గడియారం చూసుకుని, తర్వాత కబురు చేస్తామంటారు.

4. నేను మిషను తొక్కుతుంటే ఆ చప్పుడు వరసలో మా అమ్మాయి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. తమరు స్వయముగా వచ్చి విచారించవచ్చును. కనుక ఆఖరి బడికి మిషనును తోపుడు బండి మీద వేసుకుని పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్, "ఇంటర్వ్యూకొచ్చావా, కొట్టు పెట్టడానికొచ్చావా?" అన్నాడు. కాళ్లావేళ్లా పడ్డాను. ప్రిన్సిపాల్ మేడమ్ బయటకు వచ్చి, "ఇలాంటి పిల్లలకి వేరే బడి చూసుకోండి. ఎంచుకునే హక్కు మీకుంది కదా" అన్నారు. అయ్యా, ముప్పై ఏళ్లుగా బట్టతో బతుకుతున్నాను. మనిషి మొహం చూసి "నీకు అమ్మను పో" అన్న బట్టల కొట్టు ఎక్కడా చూడలేదు. (ఈ మాట కొట్టేయమన్నాను. కొట్టేయనంటున్నది.)

5. గడువులోగా వోచరు వాడకపోతే "తల్లిదండ్రులే బడి వద్దనుకున్నారు" అని రాసి పేరు తీసేస్తారట. బడే వద్దన్నదని రాయడానికి ఫారంలో గడి లేదట. మొన్న తమ గుమాస్తా గారు దయతలచి, గడువు పొడిగింపు కొరకని ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నారు. ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

కావున, ఆ పిల్ల నోరు తెరిచేదాకా ఓపిక పట్టగల బడి ఏదైనా ఉంటే అందులో చేర్పించవలసినదిగా, లేనిచో మూసిన బడి తాళం తీయించవలసినదిగా ప్రార్థన. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకు తెలుసు. తప్పు నాది. అనుభవిస్తున్నది అది.

దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ
(వేలిముద్ర)

తా.క.: ఇది నాన్న చెప్పింది కాదు సార్, నేనే రాస్తున్నాను. గుమాస్తా గారు ఇచ్చిన నకలు చదివాను. అందులో గడువు మాట లేదు. "మా ఇష్టపూర్వకముగా బడి మాన్పించుచున్నాము" అని ఉంది. ఏం రాశారమ్మా అని నాన్న అడిగితే, గడువు పెంచారని చెప్పాను. ఆ కాగితం చించేయండి సార్. కుదరకపోతే, నాన్న మీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆయనకు చదివి వినిపించకండి.