నూట పన్నెండో పేజీలో పులుసు

మధురానగర్,
నవంబరు 3

మాజీ ఎంపీ జోగారావు అయ్యగారికి,

నా పేరు మగ్దలీనమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో నేను, మనవరాలు లోయిస్. ఢిల్లీలో మీ క్వార్టర్సులో పదేళ్లు వంట చేసినదాన్ని. చదువు రాదు. నేను చెబుతుంటే లోయిస్ రాస్తోంది.

మీ పార్లమెంటు జ్ఞాపకాల పుస్తకం చదివించుకున్నాను. సభలో మైకులు విరగ్గొట్టుకున్న రెండు పార్టీలవాళ్లు మీ ఇంట చేపల పులుసు తిని రాజీపడ్డారని నూట పన్నెండో పేజీలో ఉంది. నిజమే. దాన్ని మీ శ్రీమతి కుసుమకుమారి గారు వండారని ఉంది. వండింది నేను. ఆ పేజీ చూపించి మా చర్చిలో రాజమ్మ నన్ను అబద్ధాలకోరు అంది. ఏటా వార్షికోత్సవం విందులో పులుసు గరిటె నాది. ఈసారి ఆమెకిస్తారట. దిద్దండి.

ఇట్లు,
మగ్దలీనమ్మ

తా.క.: సభలో ఒక్కనాడూ కునుకు తీయలేదని రాశారు. ఆ జోలికి నేను పోవడం లేదు.

పంజాగుట్ట,
నవంబరు 9

కీర్తిశేషురాలు మగ్దలీనమ్మ కుటుంబ సభ్యులకు,

ఆవిడ పేరు మీద ఎవరో ఉత్తరం రాశారు. నాకే ఓటు వేయమని పిల్లలకు చెప్పి ఆవిడ కన్నుమూసిన ఘట్టం నూట ముప్పయ్యో పేజీలో ఉంది. పాఠకులు ఏడుస్తున్నారు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను.

భవదీయుడు,
జోగారావు

తా.క.: సంస్మరణ సభ పెడితే ఐదు నిమిషాలే మాట్లాడతాను.

మధురానగర్,
నవంబరు 12

అయ్యగారికి,

బతికే ఉన్నాను. మీ ఉత్తరం చూసి లోయిస్ "అమ్మమ్మా, నువ్వు సచ్చిపోయినవట, జర కూసో" అంది. కూర్చున్నాను. చావుదేముంది, ప్రభువు పిలిచినప్పుడు పోతాను. పులుసు సంగతి చెప్పండి.

ఇట్లు,
మగ్దలీనమ్మ

తా.క.: నేనెప్పుడూ మీకు ఓటు వేయలేదు.

పంజాగుట్ట,
నవంబరు 17

మగ్దలీనమ్మ గారికి,

మీరు బతికుండటం సంతోషం. అయితే సంతాప తీర్మానం అయ్యాక వెనక్కి తీసుకునే ఆనవాయితీ సభలో లేదు. పుస్తకం టైపు చేసిన ఫణీంద్ర, రెండో ముద్రణలో మిమ్మల్ని కోమాలో పెడదామంటున్నాడు. మీకు సమ్మతమేనా?

పులుసు మారిస్తే మా ఆవిడ నొచ్చుకుంటుంది. చూసినవాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే అప్పుడు ఆలోచిద్దాం.

భవదీయుడు,
జోగారావు

తా.క.: కునుకు మాట ఎక్కడా అనకండి.

మధురానగర్,
నవంబరు 23

అయ్యగారికి,

కోమాలో పెడతారో, పాతిపెడతారో మీ ఇష్టం. పులుసు మాత్రం నాది. సాక్షులు దొరికారు. ఒకాయన ఆ రోజు చేపలు తెచ్చినాయన. రెండో ఆవిడ నిన్న అమీర్‌పేటలో మెట్రో మారి మా ఇంటికొచ్చి, రెండుసార్లు పులుసు పోయించుకుని తిన్నాకే సంతకం చేశారు. మీ ఉత్తరాలన్నీ ముందు తనే విప్పుతారట.

తా.క.: చేప కడగడం కూడా తనకు రాదని, పెళ్లయిన నలభై ఏడేళ్లలో ఆ సంగతి మీరు గమనించనే లేదని ఆవిడే రాయించారు.

మగ్దలీనమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
దయారత్నం, ఢిల్లీలో మీ డ్రైవరు
కుసుమకుమారి, భర్త పేరు జోగారావు, మాజీ ఎంపీ