ఘాట్ రోడ్డులో మళ్లీ మళ్లీ రావాల్సిన పాట

బుధవారం రాత్రి, సాలూరు.

మొన్న మా ఆయన లారీ పెన్‌డ్రైవ్‌లోని పాటలన్నీ లాప్‌టాప్‌లోని ప్లేయర్‌లో వేసి సినిమాల వారీగా సర్దాను. మా వైపు జానపదం, ఒకే తప్పెటగుళ్ల పాట అడుగడుక్కీ కనిపిస్తుంటే, ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేసి మళ్లీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

ఇవాళ పొద్దున్న ఘాట్ రోడ్డు దిగాక ఫోన్ చేశాడు.

"ఒసే, నా తప్పెటగుళ్ల పాటేటి సేసినావే? నిద్దరొచ్చే టైముకి అదొస్తాదనే అన్నిసార్లు ఎక్కించుకున్నాను. అదొస్తే నోరూరుకోదు, నేనూ పాడతాను."

"మరేటి సేసినావు మావా?"

"ఏటి సేస్తాను? కళ్లు మూతలు పడిపోతంటే బండి పక్కనెట్టి పడుకున్నాను. సరుకు లేటయినాది, అంతే. బెంగెట్టుకోకు."

ఒక్క మాట కూడా తిట్టలేదు. బండి ఆపాలని అతనికి తోచినందుకు ఏ దేవుడికి మొక్కాలో తెలియడం లేదు. ఆపకపోయి ఉంటే... వద్దు, ఆ మాట రాయను.

అతను ఇంటికొచ్చాక పెన్‌డ్రైవ్‌లో వేయడానికి ఇందాక కొత్త ప్లేలిస్ట్ చేశాను. రెండు మూడు పాటలకోసారి అదే పాట. "ఈ పాట ముందే ఉంది, మళ్లీ చేర్చాలా?" అని ప్లేయర్ అడిగిన ప్రతిసారీ అవునని నొక్కాను.