కారం తగలని నాలుక

పెద్దాడి అమ్మకు, తిరగడానికి ఓపిక ఉంది, కంగారుపడకు.

యాత్రవాళ్లు నిన్న నా వంటకు సెలవిచ్చి, నన్నూ వెంట తిప్పారు. బుద్ధుడి గుడిలో కట్టలకొద్దీ అగరొత్తులు వెలిగించారు. పొగకు కళ్లు మండాయి గానీ వాసనే తెలియలేదు. జలుబేమో అనుకున్నాను. రాత్రి బజారు తిరిగాక, కారానికి పేరుమోసిన హోటలుకు తీసుకెళ్లారు. ఒక్క ముద్దకే అందరూ నీళ్లకోసం కేకలు పెడుతుంటే, నేను పెరుగన్నం తిన్నట్టు గిన్నె ఖాళీ చేశాను. "నాలుకంటే మన వంటాయనదేనండీ!" అని చప్పట్లు కొట్టారు. నవ్వాను. పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకుని కరకరా నమిలాను. గడ్డి నమిలినట్టే ఉంది.

కొత్తగా పెళ్లివంటలేవీ ఒప్పుకోకు. వంద మందికి సాంబారులో ఉప్పెంతో, కారమెంతో నీకు తెలిసినంతవరకు గరిటెల లెక్కన రాసిపెట్టు. నేనెప్పుడూ కొలిచి ఎరగను, నోట్లో వేసుకునే చెప్పేవాణ్ణి. మన వంటవాళ్ల చెవిన పడనీయకు. గ్యాసు బండ వచ్చిందా? చిన్నదాని దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

పోయిన నెల జ్వరం తగ్గి లేచిన రోజు, పులుసు చప్పగా ఏడ్చిందని నీ ముందే కంచం విసిరికొట్టాను. ఆ పులుసు బాగానే ఉండి ఉంటుందే.