కిటికీ అద్దం దిద్దిన పాఠం

అత్తయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమమే అనుకుంటున్నాను. నువ్వు జవాబు రాశాక ఖాయం చేసుకుంటాను.

నువ్వు ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి మొన్న రిటైరైన సైన్సు గదే నాకిచ్చారు. నిన్న నాలుగో తరగతికి నీటి పాఠం మొదలుపెట్టాను. ఐసుముక్కలు కరిగించి, ఆ నీళ్ళే కెటిల్లో పోసి మరిగించాను. కెటిల్ ముక్కులోంచి తెల్లగా లేస్తున్నదాన్ని చూపించి "అదే ఆవిరి" అన్నాను. అంతలో కిటికీ అద్దమంతా మసకబారింది. ఆ మసకలో, ఎవరో వేలితో రాసినట్టు "తప్పండీ" అని తేలింది. పిల్లలు ఇరవై ఆరుగురూ చూశారు. అద్దం దగ్గర ఎవరూ లేరు.

పదో తారీకున తనిఖీ అధికారి ఇదే పాఠం వినడానికి వస్తున్నాడు. ఆయన బాగుందంటేనే నా ఉద్యోగం ఖాయం. పిల్లలేమో గదిలోకే రామంటున్నారు. నన్నేం చెయ్యమంటావు?

నీ మేనకోడలు

తా.క. ఒక్కసారి నువ్వే రాకూడదూ? బస్సు బడి ముందే ఆగుతుంది.

—

చిరంజీవి మేనకోడలిని అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

సైన్సు టీచరువై ఉండి దయ్యమంటే నలుగురూ నవ్వుతారు. ఎప్పుడో ఏ పిల్లవెధవో జిడ్డు వేలితో అద్దం మీద రాసి ఉంటాడు. జిడ్డున్న చోట నీటిబొట్లు వేరేగా పడతాయి. అందుకే అద్దం మసకబారినప్పుడల్లా ఆ అక్షరాలు పైకొస్తాయి. సబ్బుతో కడుగు, నీ దయ్యం మురిక్కాలవలో పడి పోతుంది.

రమ్మంటున్నావు గానీ, నా మోకాళ్ళ సంగతి నీకేం తెలుసు? గుమ్మం దాటాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

మీ అత్తయ్య

తా.క. నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేనూ అన్నేళ్ళూ అలాగే చెప్పాను.

—

అత్తయ్యకి నమస్కారాలు.

సబ్బుతో రెండుసార్లు కడిగాను. మర్నాడు కెటిల్ పెడితే ఈసారి పెద్ద వాక్యమే వచ్చింది: "ఆవిరి కనబడదండీ. తెల్లగా ఉన్నవి నీటిబొట్లండీ."

పుస్తకం తీసి చూస్తే అదే నిజం! కెటిల్ ముక్కుకీ ఆ తెల్లదనానికీ మధ్య వేలెడంత ఖాళీ ఉంటుంది కదా, అసలు ఆవిరి ఉండేది అక్కడట. చల్లగాలి తగిలి మళ్ళీ నీరయ్యాకే మన కంటికి ఆనుతుందట. తప్పు నాదేనని పిల్లల ముందు ఒప్పుకున్నాను. దాంతో వాళ్ళకి భయం పోయి భక్తి పట్టుకుంది. ఇంటిపని పుస్తకాలు నాకు కాకుండా కిటికీకి చూపిస్తున్నారు.

నాకు మాత్రం భయంగానే ఉంది. కిటికీ పక్కన నేల మీద ఒకచోట ఎంత ఎండకాసినా చల్లగా ఉంటోంది. చెప్పులు విప్పి చూశాను. రెండు చిన్న పాదాలు పట్టేంత మేర, అంతే.

నీ మేనకోడలు

తా.క. ఇవాళ అద్దం అడుగున ఇంకోటి వచ్చింది: "కాళ్ళు నొప్పులండీ."

—

మేనకోడలికి అత్తయ్య రాయునది. ఆశీర్వాదాలు ఈసారికి లేవు.

నా కాళ్ళ సంగతి ఆ కిటికీకెవరు చెప్పారు? నా ఉత్తరాలు స్టాఫ్ రూములో చదివి వినిపిస్తున్నావా? ఇది ఆ లెక్కల మాస్టారి పనే. నా నడక చూసి ఇకిలించడం అతనికి ముందునుంచీ అలవాటు. నా పాఠాన్ని తప్పన్న టీచరు ఇంతవరకూ లేడు. కిటికీకి మందపాటి పరదా వేయించు. ఆ చేతిరాత ఎలా ఉందో రాయి, మనిషిని నేను పట్టేస్తాను.

మీ అత్తయ్య

తా.క. ఆవిరి కనబడదన్న సంగతి నేనూ పుస్తకంలో చూశాను. నిజమే. ఎవరితోనూ అనకు.

—

అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరాలు ఎవరికీ చూపలేదు, ఒట్టు. లెక్కల మాస్టారు రెండు వారాలుగా సెలవులో ఉన్నాడు. పరదా వేశాను. పాఠం సగంలో అది దానంతటదే తడిసి, బరువెక్కి కింద పడింది.

రాత చిన్నపిల్లది. తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి చాపితే ఎంత ఎత్తు అందుతుందో అక్కడే ఉంటుంది. ఇవాళ ఐసు నీళ్ళ మీద తేలుతుందని చెప్పానో లేదో, "ఎందుకండీ?" అని వచ్చింది. నాకు తెలిస్తేగా!

నీ మేనకోడలు

తా.క. ఏం చెప్పినా "ఎందుకండీ" అంటోంది. ఇలాంటి పిల్ల నీ తరగతిలో ఎవరైనా ఉండేదా?

—

అమ్మాయీ,

ఉండేది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది సంగతి. మాటకి ముందు "ఎందుకండీ" అనేది కాబట్టి అందరం దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. ఇదే పాఠం చెబుతుంటే లేచి, "తప్పండీ, ఆవిరి కనబడదండీ" అంది. కొత్త టీచర్ని, నాకు ఒళ్ళు మండింది. తీసుకెళ్ళి కిటికీ దగ్గర నిలబెట్టాను. అక్కడ మసక అద్దం మీద వేలితో మళ్ళీ అదే మాట రాసింది. నేను చేత్తో తుడిచేశాను. ఆ వారంలోనే జ్వరమొచ్చి ఆ పిల్ల చనిపోయింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది. నా తరఫున ఆ అద్దం మీద రాయి: "నువ్వు చెప్పిందే ఒప్పు."

మీ అత్తయ్య

తా.క. గడ్డకట్టినప్పుడు నీరు కాస్త ఉబ్బి తేలికవుతుంది, ఐసు తేలేది అందుకే. దానికి చెప్పు. నేనే రావాలనుంది గానీ, ఈ మోకాళ్ళు.

—

అత్తయ్యకి,

తనిఖీ అయిపోయింది. అధికారి మంచాయనే గానీ, ఊరుకోకుండా కెటిల్ చూపించి "పిల్లలూ, ఆ తెల్లగా ఉన్నదే ఆవిరి" అన్నాడు. ఇరవై ఆరుగురూ జాలిపడి కిటికీ వైపు తిరిగారు. "తప్పండీ" అని వచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు, మళ్ళీ తుడుచుకుని చదివాడు. "పాఠం చాలా బాగుంది" అని సంతకం పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత నువ్వు రాయమన్నది రాసి, కెటిల్ మళ్ళీ పెట్టాను. నా అక్షరాల కింద మెల్లగా, ఒక్కొక్కటే తేలాయి: "అయితే ఇంక కూర్చోనా అండీ?"

అత్తయ్యా, ఆ రోజు దాన్ని కూర్చోమన్నావా, మర్చిపోయావా?

నాకు ఏడుపాగలేదు. "కూర్చో తల్లీ" అన్నాను. పిల్లలు ముందు బెంచీలో జరిగి చోటిచ్చారు, వాళ్ళూ కూర్చోమన్నారు. అద్దం మీద మళ్ళీ వచ్చింది: "మీరు కాదండీ."

నీ మేనకోడలు

తా.క. రేపు మొదటి బస్సుకి రా. మోకాళ్ళ నొప్పులని మాత్రం రాయకు. ఆ పిల్ల ముప్పై రెండేళ్ళుగా నిలబడే ఉంది.