నష్టపరిహారానికి ఇంకో మాట

ఆగస్టు 1, గురువారం

మా పనివాడు సామ్యేలు పోయాడు. మా రొయ్యల చెరువు గట్టు మీద, కరెంటు తగిలి.

తెల్లవారుతుండగా ఫోన్ చేశాడు. వాన పడుతోంది. మా వారు గడ్డం గీసుకుంటూ స్పీకర్ పెట్టమంటే పెట్టాను. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ కేబుల్ జాయింట్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయట, టేపు చుట్టాలట. మెయిన్ ఆపమంటారా అండి అని అడిగాడు.

"ఆపొద్దు. ఈ వేళప్పుడు గాలి ఆగితే రొయ్య మొత్తం చచ్చి తేలిపోద్ది. జాగ్రత్తగా చుట్టెయ్" అన్నారు.

సామ్యేలు "ఆయ్" అన్నాడు.

మా చుట్టుపక్కల చెరువుల మీద ఎవరూ ఆపరు. కరెంటు ఉండగానే చుట్టిస్తారు.

వంటింటి కిటికీ అవతల అతని భార్య వీరమ్మ మా అంట్లు తోముతోంది. ఆ ఫోన్ నాకెంత వినబడిందో తనకీ అంతే వినబడింది.

ఆగస్టు 2

పాలు రెండు లీటర్లు. అంట్లు నేనే తోముకున్నాను.

సాయంత్రం సమాధి చేశారు. వెళ్తానన్నాను. మన ఇళ్లలో ఆడవాళ్లు వాళ్ల పేటకి వెళ్లడం ఎప్పుడైనా ఉందా అన్నారు మా వారు. బియ్యం బస్తా పంపాను. బస్తా వీరమ్మ ఇంటి బయటే ఉందట. లోపల పెట్టుకోలేదట.

ఆగస్టు 6, మంగళవారం, మధ్యాహ్నం 3

పాలకొల్లు నుంచి వకీలుగారు వచ్చారు. వీరమ్మకి ఐదు లక్షలు ఇచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకోవాలట. నా దస్తూరి బాగుంటుందని ఫెయిర్ కాపీ నన్ను రాయమన్నారు.

కాంపెన్సేషన్ అని రాయాలా అని అడిగాను. వకీలుగారు కాఫీ కప్పు కింద పెట్టి నవ్వారు. ఆ మాట రాస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టు కదమ్మా అన్నారు. ఎక్స్‌గ్రేషియా అనాలట. అంటే దయతో ఇచ్చినది. తెలుగులో అయితే సాయం అని రాస్తే చాలట.

ఆయన డ్రాఫ్టులో ఇంకో వాక్యం ఉంది. సామ్యేలు ఎవరినీ అడక్కుండా, తనంతట తానే లైన్ ముట్టుకున్నాడని.

మా వారు నా వైపు చూడలేదు.

ఆగస్టు 7

మా అమ్మాయి కీర్తిప్రియ వదిలేసి వెళ్లిన డిక్షనరీ తీశాను. కాంపెన్సేషన్: నష్టపరిహారం, భర్తీ, జీతం. జీతమెలా అయిందో అర్థం కాలేదు. హైదరాబాద్‌కి ఫోన్ చేసి అడిగాను. నా ఆఫర్ లెటర్‌లో జీతాన్ని అలాగే రాశారు కదమ్మా అంది. ఆ లెటర్‌ని దేవుడి ముందు పెట్టి హారతి ఇచ్చింది నేనే. ఇప్పుడెందుకు ఈ మాట అని అడిగింది. మేత కంపెనీ కాగితంలో వచ్చిందన్నాను.

అదే అర్థమున్న మాటలు ఇంకా వెతికాను. ఇండెమ్నిటీ. రిడ్రెస్. అమెండ్స్ అంటే తప్పు చేసినవాళ్లు దాన్ని సరిచేసుకోవడమట.

సాయం అన్నది ఎక్కడా లేదు.

ఆగస్టు 9, శుక్రవారం

రాశాను. సాయం అనే రాశాను. ఆ వాక్యం కూడా.

ఆగస్టు 10, ఉదయం 11

వీరమ్మ వాళ్ల అన్న యెహెజ్కేలుతో వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కాగితం అంతా చదివింది. 'తనంతట తానే' మీద వేలు పెట్టి ఆగింది.

డబ్బు ఇంకా కావాలని అడగలేదు. ఆ ఒక్క వాక్యం తీసేయమంది. వద్దన్నదెవరో రాయక్కర్లేదు, అడిగాడని రాస్తే చాలంది. వకీలుగారు కుదరదన్నారు. కోర్టుకి వెళ్తే ఎన్నేళ్లు పడుతుందో మీ చెల్లికి చెప్పవయ్యా అని యెహెజ్కేలుతో అన్నారు. అతను తల దించుకున్నాడు.

"రేపు నా పిల్లలు ఈ కాగితం చదువుతారండి. వాళ్ల నాన్న బుద్ధి లేక చచ్చిపోయాడనుకుంటారు" అంది వీరమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు విన్నారు కదండీ అమ్మగారూ."

అందరూ నన్నే చూశారు.

మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాను. ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి సంతకం అయిపోయింది. నీళ్లు ఎవరూ తాగలేదు.

ఆగస్టు 12

ఆ ఐదు లక్షలు ఏ పద్దు కింద రాయమంటారని మా వారిని అడిగాను. చెరువు ఖర్చుల్లో వేసెయ్ అన్నారు. మేతకీ, చెరువులో చల్లే సున్నానికీ మధ్య వచ్చింది.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. పూర్ణాలు విచ్చిపోయాయి.

ఆగస్టు 27, మంగళవారం, ఉదయం 7

మళ్లీ వాన. మా వారు మేత లోడు కోసం చీకటితోనే భీమవరం వెళ్లారు. ఫోన్ ఇంట్లో మర్చిపోయారు. అది మోగింది. సామ్యేలు బదులు పెట్టుకున్న లాజరు. అదే జాయింట్. అదే ప్రశ్న.

"ఆపెయ్" అన్నాను.

సరిగా వినబడలేదనుకున్నాడేమో, మళ్లీ అడిగాడు.

"ఆపెయ్ లాజరూ. అంతా చుట్టాకే వెయ్యి. ఎవరన్నా అడిగితే అమ్మగారు చెప్పారని చెప్పు."

పావుగంట తర్వాత చేసి, వేసేశానండి అన్నాడు. అప్పటిదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. చెరువంతా తెల్లగా తేలినట్టు కళ్ల ముందు కనబడుతూనే ఉంది.

ఆగస్టు 28

రెండు కేజీలు తేలాయట. అంతే. మిగతా రొయ్య బాగానే ఉంది, మేత తింటోంది.

అదృష్టం బాగుండి బతికిపోయాం, ఇంకెప్పుడూ చెరువు సంగతుల్లో తలదూర్చకు అన్నారు మా వారు. ఆ రెండు కేజీలు నష్టం కింద రాయమన్నారు.

రాశాను.

సెప్టెంబరు 2, సోమవారం

వీరమ్మ దొడ్డిగుమ్మం దగ్గరికి వచ్చింది. మళ్లీ పనిలోకి వస్తుందనుకుని లోపలికి రమ్మన్నాను. రాలేదు. ఆ రోజు నేను మెయిన్ ఆపమన్నానని లాజరు చెప్పాడట.

"అయితే ఆపొచ్చన్నమాటండి" అంది.

గట్టిగా అనలేదు. ఏడవలేదు. దొడ్డిగుమ్మం తలుపు తనే దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

సెప్టెంబరు 3

మా వారు చెరువు మీదికి వెళ్లాక ఇంట్లో మెయిన్ ఆపేశాను. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. వంటింటి గచ్చు మీద, లాజరు ఆపినంతసేపు, పావుగంట కూర్చున్నాను.

ఏమీ కాలేదు.