బోల్టు నా జేబులో ఉంది

మీ వేట క్యాంపు,
గురువారం, నవంబరు 14, 1974.
మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

చిరకాల మిత్రుడు అర్వో లెహ్టోకి,

సులో నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాదే కానీ, రెండు రోజులుగా నేను క్షేమంగా లేను. నువ్వూ ఐలీ క్షేమంగా ఉండాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా చేతిరాత చూడగానే దీన్ని పొయ్యిలో పడేస్తావేమో. పడేసే ముందు ఈ నాలుగు ముక్కలూ చదువు. వసారాలో నిలబెట్టిన నీ కొత్త తుపాకికి ఇప్పుడు తూటా ఎక్కించి మూసే బోల్టు లేదు. దొంగలెవరూ రాలేదు. నేనే తీశాను, నా కోటు జేబులో ఉంది. ఆ తుపాకి ఇప్పుడున్న తీరులో రేపు పొద్దున అడవిలోకి వెళ్లకూడదు. నిన్నో ఐలీనో చంపేస్తుంది.

ఇక మొదటినుంచి చెబుతాను. మనిద్దరం కలిసి కోసిన ఈ బల్ల దగ్గరే కూర్చుని, నీ క్యాలెండరులోంచి అక్టోబరు కాగితం చింపి దాని వెనక రాస్తున్నాను. తాళంచెవి ఆవిరిస్నానాల సౌనా గుమ్మం మీది మేకుకే ఉంది, ఇన్నేళ్లయినా మార్చలేదు నువ్వు. పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మీ ట్రక్కు జాడలు తాజాగా ఉన్నాయి. రొట్టెలకో వేట లైసెన్సులకో ఊళ్లోకి వెళ్లి ఉంటారు. ఎప్పుడొస్తారో తెలీక, కొమ్మమీంచి మంచు జారినా కలం ఆపి వింటున్నాను.

ఐలీ ఆగస్టులో మా ఇంటికి వచ్చింది. చంకలో దుప్పట్లో చుట్టిన పాత సైనిక రైఫిల్ ఉంది. మా ఆవిడ హిల్యా కాఫీ, యాలకుల రొట్టె పెడితే ముట్టకుండా ముందు పని సంగతే ఎత్తింది. "నాన్న తుపాకి పట్టి పంతొమ్మిదేళ్లయింది బాబాయ్. ఈ ఏడు నేను పక్కనుంటానంటే ఎలాగో సరేనన్నాడు. ఆయన చేతికి అతికేలా నువ్వే చెయ్యాలి. నువ్వు చేశావని మాత్రం చెప్పను, చెబితే ముట్టడు" అంది. నీ అరవయ్యో పుట్టినరోజుకి ఇస్తానంది. నీ చేతుల్లో ఉన్నది నా పని అని నీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది, తిట్టుకో.

మూడు నెలలు దానిమీదే కూర్చున్నాను. బరువైన సైనికపు చెక్క తీసేసి వాల్‌నట్ చెక్క చెక్కాను. నీ కొలత ఎవరినీ అడగలేదు. మోచేతి మడతనుంచి చూపుడువేలి దాకా పదమూడు అంగుళాలు, నాకు బాగా గుర్తుంది. గొట్టం రెండంగుళాలు కోసి కొస నున్నగా చేశాను. చెక్కా ఇనుమూ కదలకుండా కలిసి కూర్చునేలా మధ్యలో జిగురు పోశాను. గురి చూసే స్కోపు నీ కంటికి తగ్గట్టు కాస్త వెనక్కి బిగించాను. ఇక ట్రిగ్గర్. సైన్యంవాళ్ల ట్రిగ్గర్ లాగాలంటే పశువుల కొట్టం తలుపు లాగినట్టే ఉంటుంది. దాన్ని తీసి కొత్తది పెట్టాను. తూటాని కొట్టి పేల్చే సూదిని పట్టి ఆపే చిన్న కొక్కెం ఉంటుంది చూడు, దాన్ని రాయిమీద అరగదీసి అద్దంలా చేశాను. వేలు ఆనిస్తే చాలు వదులుతుంది. చేస్తున్నంతసేపూ నీతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

పరీక్ష చెయ్యకుండా ఇవ్వలేదు. గరాజులో పొయ్యి పక్కన రెండువందలసార్లు బోల్టు బలంగా మూసి చూశాను. రబ్బరు సుత్తితో చెక్కను అన్నివైపులా కొట్టాను. తుపాకి మడమను నేలకేసి గుద్దాను. సూది ఒక్కసారి కూడా జారలేదు. అక్టోబరులో ఎండ కాసిన ఒక శనివారం కంకర గుంట దగ్గర ఇసుక సంచులమీద పెట్టి వంద గజాల దూరం కాల్చాను. మూడు గుళ్లూ ఒక్క నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. సొక్కా చేతులు మడుచుకుని కాల్చానురా ఆ రోజు. దాని అర్థం నాకు మంగళవారం దాకా బుర్రకెక్కలేదు.

అదే తీరు ట్రిగ్గర్ నా తుపాకికీ వేసుకున్నాను. అదే కొక్కెం, అదే నూనె. సోమవారం రాత్రి అలవాటు కొద్దీ దాన్ని వసారాలో పెట్టాను. స్కోపుకి ఆవిరి పట్టకుండా మనమంతా చలిలోనే కదా ఉంచుతాం తుపాకులు. మంగళవారం పొద్దున దాన్ని ఖాళీగానే తీసుకుని బోల్టు మూశాను. టిక్కుమంది. నా వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు. మళ్లీ మూశాను. టిక్కు. పదిసార్లలో నాలుగుసార్లు బోల్టుతో పాటే సూది పడిపోయింది. పొయ్యి దగ్గర వెచ్చబెడితే ఒక్కసారీ పడలేదు. మళ్లీ వసారాలో పెడితే మళ్లీ పడింది. నూనె చలికి పాకంలా బిగుసుకుపోయి కొక్కేన్ని సమయానికి పైకి లేవనివ్వడం లేదు. తూటా ఉండి ఉంటే బోల్టు మూసిన క్షణమే పేలేది. సేఫ్టీ వేసే లోపలే.

ఆ టిక్కుమనే చప్పుడు నాకు కొత్త కాదు. ఆ సంగతి తర్వాత.

అక్కడే మెట్లమీద కూలబడ్డాను. హిల్యా వచ్చి గుండెనొప్పా అని అడిగింది. కళ్లముందు ఒకటే కనిపిస్తోంది. వేట మొదలయ్యే పదిహేనో తారీకు, ఇంకా వెలుగు రాని వేళ, ఐలీ ఎర్ర ఉన్ని కోటుతో దారి చూపిస్తూ నీ ముందు నడుస్తోంది. నువ్వు ఆగి తూటా ఎక్కించి బోల్టు మూస్తున్నావు. నేనూ అలాగే నీ ముందు నడిచాను కదా అర్వో.

పట్నంలో ఐలీ ఉండే ఇంటికి ఫోన్ చేశాను. పొద్దున్నే క్యాంపుకి బయల్దేరిందన్నారు. మీ ఇంటికి చేశాను, నువ్వే ఎత్తావు. "సులోని" అనగానే పెట్టేశావు. మళ్లీ చేశాను. ఈసారి పేరు చెప్పకుండా తుపాకి అని మొదలుపెడితే రెండో మాట వినకుండానే పెట్టేశావు. మూడోసారి చేసేసరికి ఎత్తేవాళ్లు లేరు. క్యాంపులో ఫోన్ లేదు. బుధవారమంతా మంచు కురిసి దారి మూసుకుపోయింది. ఈ కాలుతో పొలిమేర దాటలేను. కిటికీ దగ్గర కూర్చుని తెల్లగా కురుస్తున్న దాన్ని చూస్తూ లెక్కపెట్టుకున్నాను, ఇంకా ఒక పగలు, రెండు రాత్రులు. భోజనం సయించలేదు. ఇంత భయం నాకు కాలు తీసేసిన రోజున కూడా లేదు.

ఇవాళ మంచు తీసే బండి నడిపే టౌనోని బతిమాలాను. నీకో మాట చేరవెయ్యమంటే "మీ ఇద్దరి గొడవలోకి నన్ను లాగకు ముసలోడా. కావాలంటే దింపుతా, నువ్వే చెప్పుకో" అన్నాడు. రోడ్డు మలుపు దగ్గర దింపాడు. మూడింటికి మళ్లీ వస్తానన్నాడు. అక్కడినుంచి అరమైలు. చెక్కకాలు మోకాటిదాకా మంచులో దిగబడుతుంటే రెండుసార్లు పడ్డాను. ఆయాసం కంటే, చెట్ల వెనకనుంచి తుపాకి చప్పుడు వినబడుతుందేమోనని భయం. వేట సీజను రేపే అయినా నువ్వు గురి చూసుకోవడానికి ఒక గుండు కాలుస్తావు కదా.

వచ్చేసరికి ఎవరూ లేరు. తుపాకి వసారాలో, మేకులమధ్య, నేను అనుకున్న చోటే నిలబడి ఉంది. తూటాలు లేవు, నీ జాగ్రత్త ఎక్కడికి పోతుంది. గొట్టం అడవివైపు తిప్పి బోల్టు మూశాను. పదిసార్లు మూస్తే ఆరుసార్లు పడింది. నాదానికంటే అధ్వానం. అరగదీసింది బాగా కుదిరిందని మురిసిపోయాను కదా, ఆ నునుపే కొంప ముంచింది. బోల్టు లాగి జేబులో వేసుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు.

కాఫీ డబ్బాలో సైన్యంవాళ్ల పాత ట్రిగ్గర్ పెట్టాను, బల్లమీదే ఉంది. రెండు మేకులు తడితే అది దాని చోట కూర్చుంటుంది. ఐలీ చెయ్యగలదు. నూనెంతా కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, రాత్రంతా చలిలో ఉంచి, ఖాళీగా వందసార్లు మూసి చూడండి. లాగడానికి బరువుగా ఉంటుంది, ఉండనీ. నా చేతులతో మాత్రం నీ తుపాకి ఇక ముట్టను. బోల్టు నేను తీసుకెళ్తున్నాను, ట్రిగ్గర్ మార్చాక ఐలీని పంపితే ఇస్తాను. ఒక్క పొద్దు పోతే పోయింది.

ఇంకొక్క మాట. పంతొమ్మిదివందల యాభై అయిదులో నీ వేలు జారి నా కాలు పోయింది. దాన్ని నేను మనసులో పెట్టుకోలేదు. ఆ తర్వాత రెండు శీతాకాలాలు నేను అడక్కుండానే నువ్వు మా ఇంటికి కట్టెలు కొట్టి తెచ్చావు. కో-ఆపరేటివ్ కొట్లో అందరి ముందూ నేనన్న మాటకి నువ్వు కట్టెలు మానేశావు, మాట మానేశావు. "అర్వో వెనకుంటే పర్లేదు, ముందు మాత్రం నడవకండ్రా" అన్నాను. అందరూ నవ్వారు. చేతిలో పిండి సంచి అక్కడే దించేసి వెళ్లిపోయావు. పాడు నోరు. దానికి క్షమించు.

ఐలీకి ఆశీస్సులు. ఆమెదేం తప్పు లేదు, కోప్పడకు. హిల్యా నీకు మాంసం కూరిన పాస్టీలు పంపింది, పొయ్యిమీద పెట్టాను.

నీ పాత స్నేహితుడు,
సులో

తా.క. కాగితం మడిచి లేవబోయాను. టౌనో వచ్చే వేళయింది. ఇలాగే వెళ్లిపోతే ఏమవుతుందో ఆలోచించాను. సులో ఒంటికాలితో మంచులో పడుతూ లేస్తూ వచ్చి మమ్మల్ని కాపాడాడు అనుకుంటావు. బహుశా మళ్లీ కట్టెలు తెస్తావు. అది తలుచుకుంటే రెండు రోజులుగా పడిన భయం దీని ముందు ఏపాటిది అనిపించింది. మళ్లీ కూర్చున్నాను.

ఆ ఏడు సీజనుకి ముందు ఆదివారం స్కోపు సరిచేస్తానని నీ తుపాకి తీసుకెళ్లాను, గుర్తుందా? ట్రిగ్గర్ బరువని నువ్వు సణగని రోజు లేదు. నీకు చెప్పకుండా ట్రిగ్గర్ మర ఒక అర చుట్టు వదులు చేశాను. మొదటి కొమ్ముల దుప్పి పడ్డాక చెప్పి గొప్పలు కొట్టుకుందామనుకున్నాను. మా వంటింట్లో, వెచ్చగా కూర్చుని పరీక్ష చేశాను. నువ్వు దాన్ని ఈ వసారాలోనే పెట్టావు.

ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి, "నేను ముట్టుకోలేదురా సులో, ఒట్టు" అన్నావు. "తుపాకి దానంతటది పేలుతుందా?" అన్నాను. అప్పటికి నాకూ తెలియదు, అది నిజం. ఆ తుపాకిని సరస్సులో పడేయమని నువ్వు హిల్యాకి ఇచ్చావు. పడేయనివ్వలేదు నేను. మరుసటి ఏప్రిల్‌లో విప్పి చూశాను. ముప్పైసార్లు బోల్టు మూస్తే ఒకసారి టిక్కుమంది. మర బిగించేశాను. ఎవరికీ చెప్పలేదు, హిల్యాకి కూడా. తప్పంతా మరదే అనుకున్నాను కాబట్టి ఈసారి మర జోలికి పోకుండా కొక్కెం అరగదీశాను. చలి సంగతి మొన్న మంగళవారం దాకా తెలియలేదు. కానీ నీ వేలు కాదని పద్దెనిమిదేళ్లుగా తెలుసు. కొట్లో ఆ మాట అన్నప్పుడు తెలిసే అన్నాను. నా కాలు పోయిందని ఊరంతా జాలిపడుతుంటే, చేసింది నేనేనని చెప్పడానికి ధైర్యం చాలలేదు. నువ్వు అడవి మానేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

బండి చప్పుడు. టౌనోది కాదు, ఇంజను తేలిగ్గా ఉంది. మీరే.

బోల్టు తీసి ఈ కాగితం మీద పెడుతున్నాను. వెళ్లిపోవడం లేదు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పగల మనిషిని కాను కాబట్టి సౌనాలో కూర్చుంటాను. చదివాక రా. వస్తే ఏమంటావో అని భయంగానే ఉంది, అయినా రా.

ఆ పొద్దున నువ్వు ముట్టుకోలేదు అర్వో.