విక్రమ్ కారు ఊపిరి

మధురానగర్,
హైదరాబాద్.

మా కోడలు దివ్యశ్రీకి,

ప్రభువు పేరిట నీ మామ ఓదెలు దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్తమ్మ పానంతోని ఉన్నం. నిజామాబాదుల నువ్వు, మీ అమ్మ సల్లంగ ఉండాలెనని పొద్దూమాపూ ప్రార్థిస్తున్న. ఫోనుల మాట్లాడితే నా మాట ప్రసంగమైపోతదని నువ్వే అంటవు గద, అందుకే కాగితం పట్టిన.

అత్తమ్మ మోకాలు ఎట్లున్నదని అడిగినవు. మెట్లు దిగుతది గాని ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంటది. అమీర్‌పేటల ఆ కోచింగు సెంటరు మీది హాలులనే ఆదివారం కూడిక నడుస్తున్నది. కింద పిల్లలు కంప్యూటర్ పాఠాలు వింటుంటే పైన నేను నరకం గురించి కేకలేస్తనని ఓనరు ఇంకా గొణుగుతనే ఉన్నడు. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంచినం. పంపుమంటే పంపిస్తం.

ఇగ నువ్వు అడిగిన పెద్ద మాటలు. మీ నాయిన లేడు గనుక, వచ్చే నెల నీ పెండ్లికి నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకొని చర్చిలకు నడిపిస్తనా అని అడిగినవు. ఈ పెండ్లి వద్దని దేవుడు నాకు గుర్తు చూపిండని పోయిన ఉత్తరంల రాస్తిని గద, దాని మీద సుత అడిగినవు. "మామా, దేవుడు నిజంగ చెప్పిండా, నువ్వు చెప్తున్నవా?" అని. అది చదివి మీ అత్తమ్మ నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన.

జరిగింది జరిగినట్టు రాస్త.

నా కొడుకు విక్రమ్ జ్వరంతోని పోయి రెండేండ్లయినా వాని కారు వాకిట్లనే ఉన్నది. పొద్దుగాల స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండ ఊకె అండ్ల కూసుంట. ఈ ఎండకాలం నుంచి ఇంజను తనంతట తానే చప్పుడు పెంచుడు, తగ్గించుడు మొదలుపెట్టింది. లేస్తది, జారుతది, ఇగ ఆగిపోతదనంగ మళ్ల లేస్తది. ఆస్పత్రిల ఆఖరికి వాడు ఊపిరి తీసింది అచ్చం అట్లనే. నీకు యాదుంటది. మట్టిల ఊపిరి ఊదిన దేవునికి ఇనుముల ఊదుడు కష్టమా అనుకున్న. వాడు ఇంకా ఈ ఇంటనే ఉన్నడు, వాని భార్య ఇంకో ఇంటికి పోవద్దు, ఇదే గుర్తు అని కూడికల గర్జించిన. మంది ఏడ్చిండ్రు. నువ్వు తిరిగి రావాలెనని ఉపవాస ప్రార్థన పెట్టించిన. గుర్తులు అడిగే మనుషుల మీద ఇదే నోటితోని ఎన్నిసార్లు మండిపడ్డనో.

"మాట్లాడనీకి దేవునికి నీ కారు ఇంజనే దొరికిందా?" అన్నది మీ అత్తమ్మ. పంజాగుట్ట షెడ్డుకు ఫోన్ చేసి హుస్సేన్‌ను పిలిపించింది ఆమెనే. అతను, విక్రమ్ కలిసే గద ఆ కారుకు టర్బో బిగించింది. నేను గుర్తు సంగతి చెప్తే అంతా విని, "చాచా, నేను నమాజు చేసేటోణ్ణి, దేవుని మాటల చెయ్యి పెట్టను. గీ గొట్టంల పెడత" అన్నడు.

నాకు తెలిసినంతల రాస్త. యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తీసేస్తే ఇంజనుకు గాలి పోయే పెద్ద తలుపు మూసుకుంటదట. అప్పుడు బండి ఆగిపోకుండ పక్క సందు నుంచి జర గాలి ఇడిచేది ఒక చిన్న వాల్వు. చప్పుడు పడిపోతే కారుల కంప్యూటరు దాన్ని కొంచెం తెరుస్తది, ఎక్కువైతే మూస్తది. టర్బో ఉన్న కారుకు ఇంకో బాధ ఉన్నది. టర్బో గాలిని కుక్కి పంపుతది గద, ఆ ఒత్తిడికి గాలి పక్క సందుల నుంచి ఎదురు తన్నుతది. అట్ల తన్నకుండ ఒక్క దిక్కే తెరుచుకునే రేకు గొట్టంల పెట్టాలె.

"మేం పెట్టిన రేకు ఖరాబైంది చాచా" అన్నడు హుస్సేన్. "విక్రమ్ జోరుగ తోలినప్పుడల్లా నూనె ఆవిరి వెనుకకు తన్ని వాల్వుల పేరుకున్నది. బండి నిలబడ్డంక ఎండి బంకయింది. తెరువుమంటే ఆలస్యంగ తెరుస్తది, మూయుమంటే ఆలస్యంగ మూస్తది. గందుకే గీ ఊగుడు."

గుడ్డతోని తుడిస్తే నల్లగ వచ్చింది. "పారెయ్యకు భాయ్" అన్న. ఆ గుడ్డను మడిచి నా చేతిల పెట్టిండు. కొత్త రేకు బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను ఒక్క తీరుగ నడిచింది. ఆ నిమ్మళాన్ని నేను ఓర్వలేకపోయిన.

ఇప్పుడు రాసేది మీ అత్తమ్మకు సుత తెల్వది. మరునాడు ప్రార్థనకు మంది మన వాకిట్లకు వచ్చేది ఉండె. వాళ్లు రాకముందే బానెట్ లేపి, ఆ వాల్వుకు పోయే వైరు ప్లగ్గు పీకిన. మళ్ల ఊగుతదనుకున్న. అందరు చుట్టు నిలబడి చేతులెత్తినంక తాళం తిప్పిన. ఊగలే. గాలి అందక ఒకపారి దగ్గి ఆగిపోయింది. మళ్ల తిప్పిన, మళ్ల ఆగిపోయింది. ఇంకా తిప్పబోతుంటే మీ అత్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "ఎన్నిసార్లు పోగొట్టుకుంటం వాణ్ణి, చాలియ్యి" అన్నది.

బ్యాటరీ పోయిందనుకొని మంది ఎల్లిపోయిండ్రు. దేవుని పేరు ఊరికే పలకొద్దని పిల్లలకు నేర్పిన నోరు నాది. దివ్యా, దేవుడు చెప్పలే బిడ్డా. నేనే చెప్పిన. నువ్వు సుత పోతే ఈ ఇంట్ల వాని మాట ఎత్తేటోళ్లు ఉండరని భయపడ్డ.

వచ్చే ఆదివారం కూడికల నిలబడి ప్లగ్గు సంగతి చెప్త. అటెన్క నన్ను వాక్యం చెప్పనిస్తరో లేదో వాళ్ల ఇష్టం. అంతకంటే ముందు మీ అత్తమ్మకు చెప్పాలె, అదే ఎక్కువ కష్టం. కారును తీసుకపొమ్మని హుస్సేన్‌కు చెప్పిన.

పెండ్లికి వస్త. నీ చెయ్యి పట్టుకొని నడిపిస్త. నా చెయ్యి గట్టిగ పట్టుకో. ఆ అబ్బాయి చేతిల నీ చెయ్యి పెట్టి పక్కకు జరుగుత. ఒక్కటే అడుగుత. ఆ రోజు నన్ను రెండు మాటలు చెప్పుమని ఎవ్వరినీ అడగనియ్యకు. నోరు తెరిస్తే విక్రమ్ పేరే వస్తది.

ఇట్లు,
నిన్ను బిడ్డ లెక్క సాగనంపుతున్న మీ మామ,
ఓదెలు